తాళం తిప్పితే ఏం శబ్దం వచ్చింది?

కార్తీకమాసం ఆదివారాల్లో కొత్తపట్నం బీచ్ దగ్గర కార్లు వరసగా ఆగి ఉంటాయి. రెండేళ్ల కిందట అట్లాంటి ఒక ఆదివారం సాయంత్రం, స్నానాలు, భోజనాలు అయిపోయి, గిన్నెలన్నీ డిక్కీలో సర్దుకుని, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. బండి స్టార్ట్ కాలేదు. పక్క కారాయన వచ్చి "బ్యాటరీ పోయిందండీ, మార్చేయండి" అన్నాడు. అక్కడే నిలబడ్డ ఆటో డ్రైవరు "సెల్ఫ్ మోటారు సార్, అనుమానమే లేదు" అన్నాడు. మా బావ పెట్రోలు పంపు అన్నాడు. ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు. కానీ అవి మూడు వేరు వేరు జబ్బులు. మూడింటికీ ఖర్చులు కూడా వేరే.

ఒంగోల్లో మా కారు చూసే భాయ్‌కి ఫోన్ చేశాను. బ్యాటరీ ఎప్పుడు మార్చారని ఆయన అడగలేదు, పెట్రోలు ఎంతుందనీ అడగలేదు. "తాళం తిప్పితే ఏం శబ్దం వస్తా ఉంది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. టెన్షన్లో ఆరేడుసార్లు తిప్పాను గానీ ఒక్కసారి కూడా వినలేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద శ్రద్ధ పెట్టాను. షెడ్డులో కూర్చుని చూశాను, అడిగి తెలుసుకున్నాను, ఒక మల్టీమీటరు కొనుక్కున్నాను. బండి స్టార్ట్ కానప్పుడు మనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఊహ మీద పార్టులు మార్చడం వల్లే. బండి మాత్రం తనకేమైందో శబ్దంతో చెబుతూనే ఉంటుంది.

తిరగడం వేరు, అందుకోవడం వేరు

తాళం తిప్పినప్పటి నుంచి ఇంజన్ నడిచేదాకా పట్టేది ఒకటి రెండు సెకన్లు. అందులో రెండు పనులు జరుగుతాయి. మొదటిది తిరగడం. ఇంజన్ తనంతట తాను కదల్లేదు, ఎవరో ఒకరు మొదట దాన్ని తిప్పాలి. పాత అంబాసిడర్లకి ముందు బంపరు దగ్గర రాడ్డు దూర్చి చేత్తో తిప్పేవాళ్లు, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ చేతి పనిని కరెంటు మోటారుకి అప్పగించింది అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు. 1912 నాటి క్యాడిలాక్ కార్లతో అది వాడకంలోకి వచ్చింది. మనం 'సెల్ఫ్' అనేది దాన్నే. బ్యాటరీ కరెంటుతో ఆ మోటారు తిరిగి, ఇంజన్ పక్కనున్న పెద్ద పళ్ల చక్రాన్ని పట్టుకుని తిప్పుతుంది.

రెండోది అందుకోవడం. అలా తిరుగుతున్న ఇంజన్లోకి గాలి, పెట్రోలు, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ అందితే అది మండి, ఇక సెల్ఫ్ అవసరం లేకుండా సొంతంగా నడుస్తుంది. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది.

మనం రెండింటినీ కలిపి 'స్టార్ట్ కావట్లేదు' అనేస్తాం. షెడ్డులో అలా అనరు. "సెల్ఫ్ తీసుకోవట్లేదు" అంటే మొదటి పని జరగడం లేదని. "సెల్ఫ్ తీసుకుంటా ఉంది, ఇంజన్ అందుకోవట్లేదు" అంటే రెండోది. ఈ రెండు వాక్యాల్లో మీ బండికి ఏది సరిపోతుందో తేల్చుకుంటే సగం కారణాలు అక్కడికక్కడే పక్కకి పోతాయి. ఇంజన్ జోరుగా తిరుగుతుంటే బ్యాటరీని, సెల్ఫ్ మోటారుని అనుమానించే పనే లేదు. ఇంజన్ అసలు కదలకపోతే పెట్రోలు పంపు గురించి మాట్లాడటం వృథా. ఆ రోజు మా బావ మాట వినుంటే పంపు విప్పించేవాణ్ణి.

లో వోల్టేజీ లెక్క

ఎక్కువమందికి ఎదురయ్యేది మొదటి రకమే. తాళం తిప్పితే టకటకటకటక అని వరసగా శబ్దం వస్తుంది, డాష్‌బోర్డు లైట్లు రెపరెపలాడతాయి, ఇంజన్ మాత్రం కదలదు. "లైట్లు వెలుగుతున్నాయి కదా, హారన్ కూడా మోగుతోంది, బ్యాటరీ బాగానే ఉన్నట్టు కదా" అని చాలామంది అడుగుతారు. ఇక్కడే పొరపాటు పడతాం.

బోరు మోటారు ఉన్న ఏ రైతునడిగినా దీనికి జవాబు చెబుతాడు. లో వోల్టేజీ వచ్చినప్పుడు ఇంట్లో బల్బు వెలుగుతుంది, మోటారు మాత్రం గుంయ్‌మని మూలుగుతుంది గానీ నీళ్లు ఎత్తదు. బల్బుకి కావలసిన కరెంటు ఎంత, మోటారుకి కావలసింది ఎంత? కారులోనూ అంతే. హెడ్‌లైట్లు రెండూ కలిపి సుమారు 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది, డీజిల్ బండిది 200 దాటుతుంది. 9 ఆంపియర్లు ఇవ్వగలిగిన బ్యాటరీ 150 ఇవ్వగలదని నమ్మకం ఏమీ లేదు.

టకటక ఎందుకు వస్తుందంటే, సెల్ఫ్ మోటారు మీద సొలినాయిడ్ అనే ఒక అయస్కాంతపు స్విచ్చి ఉంటుంది. కరెంటు రాగానే అది మూసుకుంటుంది. మూసుకోగానే మోటారు లాగుడికి వోల్టేజీ పడిపోతుంది, స్విచ్చి పట్టు వదిలేస్తుంది. వదలగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, స్విచ్చి మళ్లీ మూసుకుంటుంది. ఇదంతా సెకనుకి చాలాసార్లు జరుగుతుంది కాబట్టి టకటక. ఆ శబ్దం వస్తే సెల్ఫ్ మోటారు దాకా కబురు వెళుతోంది, బలం మాత్రం చాలడం లేదని అర్థం.

బలం చాలకపోవడానికి కారణం బ్యాటరీయే కానక్కర్లేదు. బ్యాటరీలో బలం ఉన్నా దారిలో పోవచ్చు. ఒక లెక్క చూడండి. బ్యాటరీకి వైరు బిగించే టెర్మినల్ దగ్గర వదులు వల్లో చిలుము వల్లో ఓమ్‌లో యాభయ్యో వంతు, అంటే 0.02 ఓమ్ అడ్డు ఏర్పడిందనుకుందాం. 150 ఆంపియర్లు అందులోంచి పోవాలంటే 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. మోటారుకి మిగిలేది తక్కువ, అది తిరగదు. అదే 9 ఆంపియర్ల హెడ్‌లైట్లకైతే 0.2 వోల్టు కూడా పోదు, కాబట్టి అవి ధగధగా వెలుగుతూనే ఉంటాయి. ఆ పోయిన 3 వోల్టులు 150 ఆంపియర్లతో కలిసి 450 వాట్ల వేడిగా మారతాయి. ఇస్త్రీపెట్టెలో సగం వేడి, బొటనవేలంత జాగాలో.

ఆ రోజు భాయ్ ఫోన్లో నాతో చేయించింది ఇదే. మా బావ తాళం మూడు నాలుగు సెకన్లు తిప్పి వదిలేశాడు. నేను బానెట్ ఎత్తి ముందు ఒక టెర్మినల్, తర్వాత ఇంకొకటి వేలితో ముట్టుకు చూశాను. ఎర్ర మూత ఉన్నది చల్లగా ఉంది. నల్లది, ఎర్త్ వైరు ఉన్నది, వేడెక్కి ఉంది. చేత్తో అటూ ఇటూ తిప్పితే కదిలింది. ఆటో డ్రైవరు దగ్గర 10 నంబరు స్పానరు అడిగి బిగించాను. మొదటి తిప్పుకే బండి అందుకుంది.

నాకు బాధ కలిగించిన సంగతి ఇంకొకటుంది. అంతకు ఎనిమిది నెలల ముందు ఇవే లక్షణాలతో ఒక షాపుకి వెళితే వోల్టేజీ కూడా చూడకుండా కొత్త బ్యాటరీ వేశారు. బండి స్టార్ట్ అయింది, డబ్బు కట్టి వచ్చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, కొత్త బ్యాటరీ వేయాలంటే టెర్మినల్స్ విప్పాలి, మళ్లీ బిగించాలి. బాగైంది ఆ బిగింపు వల్లే అయ్యుంటుంది. పేరు మాత్రం కొత్త బ్యాటరీకి వచ్చింది. పార్టు మార్చగానే జబ్బు పోయిందంటే జబ్బు ఆ పార్టుదే అనుకోకూడదని నేను నేర్చుకున్నది అక్కడే.

మన తీరం పొడవునా ఈ టెర్మినల్ గొడవ ఎక్కువే. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు రోజూ తిరిగే బండ్లకి ఉప్పుగాలి తగులుతుంది. టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పిండిలాంటిది పేరుకుంటుంది. అది బ్యాటరీ ఆవిరి, తేమ, లోహం కలిసి పుట్టిన చిలుము, కరెంటుని సరిగా పోనివ్వదు. వంటసోడా కలిపిన వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగా తుడిచి, గరుకు కాయితంతో మెరిసేదాకా గీకి బిగించాలి. ఆ సోడానీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. బిగించాక పైన వ్యాజిలిన్ పల్చగా రాస్తే మళ్లీ త్వరగా పట్టదు. విప్పేటప్పుడు ముందు నల్లది, బిగించేటప్పుడు ఆఖరున నల్లది. కారు బాడీ అంతా ఎర్త్ కాబట్టి, నల్లది ఉండగా ఎర్రదాన్ని విప్పుతూ స్పానరు బాడీకి తగిలిందంటే పెద్ద మంట లేస్తుంది.

బ్యాటరీ నిజంగా పోయిందా

అనుమానం తీర్చడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే చూడాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. లోపల ఆరు గదులు, ఒక్కోటి 2.1 వోల్టులు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12కి దిగితే పావు వంతే. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని చూడాలి. ఇంజన్ తిరుగుతున్నంతసేపు 9.6కి పైన నిలబడితే ఫరవాలేదు. ఆగి ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో కూలిపోతే బ్యాటరీ లోపల చెడినట్టు. చార్జింగ్ పెట్టినా అది నాలుగు రోజుల ముచ్చటే. ఇక బండి నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే బ్యాటరీది తప్పు కాదు, దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటరు పని చేయడం లేదు. మన షెడ్డుల్లో దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. అది చెడిన బండికి కొత్త బ్యాటరీ వేస్తే ఒకరోజు నడిచి అదీ పడుకుంటుంది.

మీటరు లేకపోతే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీయో టెర్మినలో. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఇంజనూ కదలకపోతే కరెంటు సెల్ఫ్ దాకా పోవడమే లేదు.

ఇంకో నమ్మకం కూడా సరిచేసుకోవాలి. చలికి బ్యాటరీలు పోతాయని అందరూ అంటారు. చలిదేశాల్లో పొద్దున్నే మొరాయిస్తాయి కాబట్టి ఆ మాట పుట్టింది. అసలు బ్యాటరీని తినేసేది వేడి. రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరు 44, 45 డిగ్రీలు చూస్తాయి. ఆ ఎండలో ఆగిన బండి బానెట్ కింద ఇంకా ఎక్కువ. లోపలి నీరు ఆవిరైపోతుంది, సీసపు పలకలు త్వరగా తినుకుపోతాయి. అందుకే మన దగ్గర బ్యాటరీ మూడు నాలుగేళ్లు వస్తే మంచిదే అనుకోవాలి. మూతలు తీసే రకమైతే వేసవికి ముందు, మధ్యలో ఒకసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. మన నీళ్లలో ఉప్పులు ఎక్కువ, పలకలు పాడవుతాయి.

వాడకపోయినా బ్యాటరీ ఖర్చవుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, కారు కవరు కప్పుకుని ఇంటిముందు నిలబడే ఇళ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. తాళం తీసేసినా అలారం, గడియారం, కంప్యూటరు జ్ఞాపకం కోసం కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది. 50 మిల్లీఆంపియర్లు అనుకుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. నెల తిరిగేసరికి మొత్తం ఖాళీ, రెండు మూడు వారాలకే సెల్ఫ్ తిప్పలేని స్థితి. పైన కెమెరా, జీపీఎస్, కొత్త మ్యూజిక్ సిస్టమ్ పెట్టించి ఉంటే ఇంకా ముందే. వారానికొకసారి అరగంట నడపండి, లేదా నల్ల టెర్మినల్ విప్పి ఉంచండి. గేటు ముందు రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే, సెల్ఫ్‌కి పోయినంత కూడా తిరిగి రాకపోవచ్చు.

ఒక్క 'టక్', లేదా అసలేమీ లేదు

ఒకే ఒక్క టక్ వచ్చి ఊరుకుంటే, లైట్లు బలంగానే ఉంటే, అప్పుడు సెల్ఫ్ మోటారుని అనుమానించవచ్చు. స్విచ్చి మూసుకుంది, మోటారు కదల్లేదు. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి. పాతకాలం మెకానిక్కులు రాడ్డుతో మోటారు ఒంటి మీద మెల్లగా రెండు తట్లు తట్టి స్టార్ట్ చేయించేవారు. బ్రష్ కొంచెం కదిలి తగులుతుంది కాబట్టి అది పని చేస్తుంది. ఇల్లు చేరడానికి ఆ చిట్కా సరిపోతుంది, ఇల్లు చేరాక మోటారు విప్పించాలి. బ్రష్‌లు మారిస్తే సరిపోయేదానికి కొత్త మోటారు కొనమంటే ఒకసారి గట్టిగా అడగండి.

అసలు ఏ శబ్దమూ లేక, డాష్‌బోర్డు మాత్రం మామూలుగా వెలుగుతుంటే కంగారు పడే ముందు కాళ్ల దగ్గర చూసుకోండి. ఈమధ్య చాలా మాన్యువల్ బండ్లు క్లచ్ పూర్తిగా తొక్కితేగానీ సెల్ఫ్ తీసుకోవు. ఆటోమేటిక్ అయితే గేరు పీ (పార్కింగ్) లోనో ఎన్ (న్యూట్రల్) లోనో ఉండాలి, బ్రేకు తొక్కి ఉండాలి. గేరు పీ లో ఉన్నా కదలకపోతే ఎన్ లోకి మార్చి చూడండి, గేరు ఎక్కడుందో చెప్పే స్విచ్చి అలసిపోయి ఉండొచ్చు. బటన్ స్టార్ట్ బండి 'తాళం కనపడలేదు' అంటే రిమోట్‌లో సెల్ అయిపోయింది. అది ఎక్కువ బండ్లలో సీఆర్2032 అనే బిళ్ల. అప్పటికప్పుడు రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కితే చాలా బండ్లు స్టార్ట్ అవుతాయి. తాళమే తిరగకపోతే స్టీరింగ్ లాక్ పడింది, స్టీరింగుని అటూ ఇటూ ఊపుతూ తాళం తిప్పితే వదులుతుంది.

తిరుగుతుంది, అందుకోదు

ఇది రెండో రకం. ఇందులో ముందు చెవి పెట్టాల్సింది వెనక సీటు వైపు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. పెట్రోలు బండిలో ట్యాంకు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్‌మని వినపడాలి. అది పెట్రోలు పంపు. ఆ శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, పంపుకి కరెంటు కలిపే రిలే అనే స్విచ్చి చూడండి. ఫ్యూజు ఖరీదు పదుల్లో, పంపు ఖరీదు వేలల్లో. బానెట్ కింద ఫ్యూజుల డబ్బా మూత వెనక ఏది దేనిదో బొమ్మ వేసి ఉంటుంది.

డాష్‌బోర్డు మీద తాళం గుర్తు టపటపా కొట్టుకుంటుంటే, దొంగతనం జరగకుండా కాపలా కాసే ఇమ్మొబిలైజరు మన తాళాన్ని గుర్తుపట్టలేదు. తాళం లోపల చిన్న చిప్పు ఉంటుంది, అది జవాబివ్వకపోతే ఇంజన్ తిరిగినా పెట్రోలు అందదు. కొన్ని బండ్లు ఒక క్షణం అందుకుని ఆగిపోతాయి. రెండో తాళం తెచ్చి చూస్తే తేలిపోతుంది. డూప్లికేటు తాళం చేయించుకున్నవాళ్లు చిప్పు కూడా చేయించారో లేదో అడగాలి.

వరికోతలయ్యాక ఎలుకలు కూడా కారణమే. కోవూరు, అల్లూరు వైపు పొలాలు ఖాళీ అయ్యాక అవి వెచ్చటి చోటు వెతుక్కుంటూ బానెట్ కిందికి వస్తాయి. రాత్రి బాగున్న బండి పొద్దున అందుకోకపోతే బానెట్ ఎత్తి వైర్ల తొడుగు కొరికి ఉందేమో, పెంటికలు ఉన్నాయేమో చూడండి.

మధ్యాహ్నం ఎండలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఇంజన్ తిరిగినా అందుకోకుండా, ఓ అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యే బండి ఒకటుంటుంది. షెడ్డుకి తీసుకెళితే బాగానే ఉంటుంది, ఇంటికి తెస్తే మళ్లీ అంతే. ఇందులో ఎక్కువగా దొరికే దొంగ క్రాంక్ సెన్సరు. ఇంజన్ ఏ స్థానంలో ఉందో కంప్యూటరుకి చెప్పేది అదే. వేడికి అది మౌనమైపోతే ఎప్పుడు నిప్పు వేయాలో కంప్యూటరుకి తెలియదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు ఏమాత్రం కదలకపోతే దాన్ని చూడమని చెప్పండి.

డీజిల్ బండికి చలిలో ఇంజన్ లోపల ముందుగా వేడి చేసే హీటర్ ప్లగ్గులు ఉంటాయి గానీ మన వాతావరణంలో స్టార్ట్ కాకపోవడానికి అవి కారణం కావడం అరుదు. డీజిల్ అడుగంటిపోయి గాలి పట్టడం, ఫిల్టర్లో నీళ్లు చేరడం ఎక్కువ. గాలి పడితే మళ్లీ డీజిల్ పోసినంత మాత్రాన సరిపోదు. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే అది బిగుసుకునేదాకా నొక్కి గాలి తీయాలి.

ఏ బండికైనా సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకి మించి కొట్టకండి. అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. సెల్ఫ్ మోటారు నిమిషాల తరబడి తిరగడానికి చేసింది కాదు. అందుకోని ఇంజన్ని పట్టుదలగా తిప్పితే పోయేది బ్యాటరీ, తర్వాత మోటారు. ఒక జబ్బుతో మొదలై మూడు జబ్బులతో షెడ్డుకి చేరతాం.

నీళ్లలో ఆగిన బండి

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుకి, సమయానికి సంబంధించినవి. ఇది ఇంజన్ ప్రాణానికి సంబంధించింది.

నెల్లూరు జిల్లాకి వానలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు ప్రకాశం, నెల్లూరు, మన రెండు జిల్లాలనీ ముంచెత్తింది. అలాంటి రోజుల్లో అండర్‌బ్రిడ్జీల కింద, వాగుల మీద బండి ఆగిపోతే ఎవరైనా చేసే మొదటి పని మళ్లీ సెల్ఫ్ కొట్టడం. దయచేసి ఆ పని చేయకండి.

ఇంజన్ గాలిని పీల్చుకునే గొట్టం ముందు భాగంలోనే ఉంటుంది. నీరు అక్కడిదాకా లేస్తే గాలికి బదులు నీటినే పీలుస్తుంది. పిస్టన్ పైకి వచ్చి గాలినైతే అదమగలదు. నీటిని అదమడం ఎవరివల్లా కాదు. పిస్టన్ ఆగిపోతుంది, కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఒక్కసారి సెల్ఫ్ కొడితే చాలు, ప్లగ్గులు విప్పి నీరు తీసేస్తే బాగయ్యే ఇంజన్, విప్పి మొత్తం కట్టాల్సిన ఇంజన్ అవుతుంది. పైగా నీళ్లలో ఆగాక సెల్ఫ్ కొట్టి చెడగొట్టుకున్న ఇంజన్‌కి మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు వేరే తీసుకోవాలి. తీరంలో, పెన్నా ఒడ్డున ఉండేవాళ్లు పాలసీ కాయితం ఒకసారి తీసి చూసుకోండి.

నీళ్లలో ఆగితే తాళం ఆఫ్ చేసి, మనుషులు ముందు బయటికి రావాలి. తర్వాత న్యూట్రల్‌లో తోసి ఒడ్డుకి చేర్చి, వీలైతే నల్ల టెర్మినల్ విప్పి, బండిని టోయింగ్ మీదే షెడ్డుకి పంపాలి. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నూనె పాలు పోసిన కాఫీ రంగులో ఉందంటే నీరు లోపలికి చేరినట్టే.

కేబుల్స్ వేసేటప్పుడు

బ్యాటరీ డౌన్ అయిందని తేలితే ఇంకో బండి నుంచి కేబుల్స్ వేసి స్టార్ట్ చేయొచ్చు. హైవే మీద ఒక్క విషయం మరవొద్దు. లారీది, బస్సుది 24 వోల్టులు, మన కారుది 12. చీమకుర్తి నుంచి గ్రానైటు తెచ్చే లారీ డ్రైవరు ఎంత ఆదరంగా ఆగి సాయం చేస్తానన్నా ఆ కనెక్షన్ వద్దు. కారు కంప్యూటరు కాలిపోతుంది, దాని ఖరీదు పది బ్యాటరీలంత ఉండొచ్చు. ఇంకో కారు మంచిది. పల్లెల్లో అయితే ట్రాక్టరు, వాటికి సాధారణంగా 12 వోల్టులే. ఏ బండైనా బ్యాటరీ మీద రాసింది చదివాకే కేబుల్ తగిలించండి.

ముందు ఎర్ర కేబుల్ డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కి. దాని రెండో కొస మాత్రం డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా, ఆ బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. ఆఖరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది, రెండూ కలిస్తే బ్యాటరీ పేలుతుంది. మంచి బండిని ఐదు నిమిషాలు నడిపి తర్వాత మనది కొట్టాలి. తీసేటప్పుడు వేసిన వరసకి సరిగ్గా తిరగేసి తీయాలి.

తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు బండికే. తాళం ఆన్‌లో, గేరు రెండులో, క్లచ్ తొక్కి, బండి వేగం అందుకోగానే టక్కున వదలాలి. డాష్‌బోర్డు లైట్లు కూడా వెలగనంతగా బ్యాటరీ అయిపోతే అదీ పని చేయదు. పంపుకి, కంప్యూటరుకి కొంచెమైనా కరెంటు కావాలి. హైవే మీద మాత్రం తోసే ప్రయత్నమే వద్దు. పార్కింగ్ లైట్లు నాలుగూ వేసి, ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టి, అందరూ దిగి రెయిలింగు అవతల నిలబడి 1033కి ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల సాయం నంబరు. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం టోల్‌ప్లాజాలలో ఏది దగ్గరో, ఏ వైపు వెళుతున్నారో చెబితే వాళ్లు త్వరగా చేరతారు.

ఇప్పుడు నా డిక్కీలో 10 నంబరు స్పానరు, గరుకు కాయితం, కేబుల్స్, మీటరు ఉంటాయి. వాటికంటే ఎక్కువగా పనికొస్తున్నది ఫోనులో రికార్డరు. మొన్న ఎండాకాలంలో మా తమ్ముడి డీజిల్ బండి కనిగిరి దాటాక ఆగిపోయింది. డీజిల్ పోయించాక కూడా స్టార్ట్ కావట్లేదని, బ్యాటరీ తెప్పించమంటావా అని ఫోన్ చేశాడు. కిటికీ దించి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టి, ఆ శబ్దం వాట్సాప్‌లో పంపరా అన్నాను. ఎనిమిది సెకన్ల శబ్దం. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. దాన్నే భాయ్‌కి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "బ్యాటరీ జోలికి పోవద్దని చెప్పండి సార్. గాలి పట్టింది. ఫిల్టర్ మీద నల్ల బుడ్డి ఉంటది, గట్టిపడేదాకా నొక్కమనండి." మా వాడు ముప్పై నలభై సార్లు నొక్కాడట. తర్వాత ఇంకో శబ్దం పంపాడు, ఇంజన్ నడుస్తున్నది.